‘లేడు గని’ అంటుండె మా అక్క

నా బిడ్డ పాసైంది. ఇయ్యాల్టి సంది ఆమె పేరు ముందట డాక్టర్ అని రాసుకోవచ్చు. సూదులిచ్చే డాక్టర్ కాదు, కంప్యూటర్ సదువుల డాక్టర్. సంతోషంల రాస్తున్న, అక్షరాలు వంకర పోతున్నయి. గని ఈ ముచ్చట అందరికన్న మొదాలు చెప్పాల్సిన మనిషి, నా తోడబుట్టిన పెద్దక్క, పోయిన నెలల ఆదిలాబాద్ల కన్నుమూసింది. జర ఆగితే ఏం పోయేది? ఎవ్వల మీద గుస్స చేయాల్నో తెలుస్తలేదు. బిడ్డ ఆఖరి పరీక్షకు తారీఖు మీద తారీఖు మార్చిన పెద్దసార్ల మీదనా, ఆగని అక్క మీదనా? నవ్వుకుంట ఏడుస్తున్న, ఏడ్సుకుంట తిడుతున్న.

నేను పెద్దగ సదివినోణ్ణి కాదు. బతుకంత సిరిసిల్ల దిక్కు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపిన. కండ్లు మసక బారినంక కరీంనగర్ల బిడ్డ దగ్గరికొచ్చిన. అక్క గురించి నాలుగు మాటలు రాయమని మా కులపోళ్ల పత్రికల అడిగిండ్రు. నా రాత ఎట్లున్నదో చూడకుండ్రి, ఆమె ఎసొంటిదో చూడుండ్రి.

అక్కను ఆదిలాబాద్ ఇచ్చినం. బావ పత్తి మిల్లుల పని చేసిండు. వాళ్లింటి గడప ఎవ్వలు తొక్కినా అక్క చెంబెడు నీళ్లిస్తుండె, వాళ్లు తాగి చెంబు దించేలోపట వరుస కలుపుతుండె. ఏ ఊరు, ఎవ్వల ఇంట్లోళ్లు, మీ అవ్వగారిది ఏ ఊరు, మీ మేనత్తను ఏడ ఇచ్చిండ్రు. గిట్ల తీగ గుంజుకుంట పోయి, ఏడనో ఒకకాడ మా ఇంటికి ముడేస్తుండె. గ్యాస్ బండ తెచ్చేటాయన అల్లుడు. మరాఠీ మాట్లాడే కూరగాయలామె చెల్లె. ఒకసారి కరీంనగర్ దవాఖానకు తోలుకపోతే, రక్తం తీసే నర్సమ్మను సుత పట్టుకున్నది.

“నీది ఏ ఊరు బిడ్డా?”

“బోథ్ దిక్కు పెద్దమ్మా. చెయ్యి కదిలియ్యకు.”

“బోథ్ల మా చిన్నమామ చెల్లెను ఇచ్చిండ్రు. మీ ఇల్లు బస్టాండు కాడనా, బడి కాడనా?”

“బడి కాడ.”

“ఇంకేంది మరి, నువ్వు నాకు కోడలు వరుస. అత్తకు సూది జర మెల్లగ గుచ్చు.”

ఎనుక లైన్ల నిలవడ్డాయన, “పెద్దమ్మా, గీడ పెండ్లిచూపులు పెట్టుకున్నవా?” అన్నడు. అందరు నవ్విండ్రు. నేను సిగ్గుతోని బయటికొచ్చిన. ఆమెకు మాత్రం సిగ్గు లేదు. కోడలు మంచిది, నొప్పి తెల్వలే అని ఇంటికొచ్చేదాక చెప్పింది.

ఆమెతోని నాకు యాష్టకొచ్చే ముచ్చట ఇంకోటి ఉండె. మనం ఒకటి అడిగితే ఆమె దాని పక్కది ఇస్తుండె. సాంచెల మోటరు కాలిపోయినప్పుడు అడిగిన.

“అక్కా, ఆదిలాబాద్ల మోటర్లు చుట్టేటోడు మన కులపోడు ఎవ్వలన్న ఉన్నడా?”

“లేడు గని, మన కులపోడొకడు ఫ్యాన్లు బాగు చేస్తడు. మోటర్లు చుట్టేటోడు ఇంకొకడున్నడు, మనోడు కాదు గని మీ బావకు దోస్తు. నీకు మోటరు నడవాల్నా, చుట్టరికం కావాల్నా?”

ఒంటిగ ‘లేడు’ అన్న మాట ఆమె నోట్లకెల్లి నేను ఎన్నడు వినలే. ‘లేడు గని’ అంటుండె. గా ‘గని’ ఎనుక ఎంతమంది వస్తరో చెప్పలేం. ఫోన్ చేసినోడు చెవి మార్చుకోవాల్సిందే.

నా బిడ్డ యూనివర్సిటీల పరిశోధన అని చేరినప్పుడు, ఏం చేస్తవు బిడ్డా అని అడిగిన. వాకిట్ల ఏసిన చుక్కల ముగ్గు కాడికి తోలుకపోయింది.

“బాపూ, ఈ చుక్కలు మనుషులు, ఊర్లు, మిల్లులు అనుకో. గీతలు వాళ్ల నడుమ సంబంధాలు. గిసొంటి ముగ్గు లక్షల చుక్కలతోని కంప్యూటర్ల ఉంటది. దాన్ని గ్రాఫ్ డేటాబేస్ అంటరు. మనం అడిగే ప్రశ్న ఒక చిన్న ముగ్గు. అది పెద్దముగ్గుల ఏడ అచ్చం గట్లనే ఉన్నదో వెతికి ఇస్తది.”

“లేకుంటే?”

“లేదు అంటది. ఒక్క గీత తేడా ఉన్నా లేదనే అంటది. ఫలానాయన బామ్మర్ది కరీంనగర్ల రాళ్ల క్వారీల చేస్తడు, ఆయన ఎవ్వలని అడిగినవనుకో. అడిగినోడు మర్చిపోయి తోడల్లునికి బదులు బామ్మర్ది అన్నా సరే, లేదు అని ఊకుంటది. అడిగేటోళ్లు గట్లనే అడుగుతరు కదా బాపూ, ఎవ్వలకు అన్నీ సరిగ్గ యాదుంటయి? నా పనేందంటే, అచ్చం అది లేకుంటే ప్రశ్నల ఒకటో రెండో గీతలు వదిలి, దానికి దగ్గరున్నది వెతికిచ్చుడు.”

“మా అక్క తీర్గనా?”

“అత్తమ్మ తీర్గనే.”

నాకు పట్టరాని ఖుషి అయింది. అప్పుడే అక్కకు ఫోన్ చేసిన. ఆమె తన మేనకోడలిని, అంటే నా బిడ్డను, ఫోన్ కాడికి పిలిచి, “గా దానికి యూనివర్సిటీ ఎందుకే, మా ఇంటికి రాకపోయినవా?” అన్నది.

ఆ ఖుషి ఎక్కువ దినాలు నిలవలే. ఏండ్లు పోతున్నయి, సదువు తెగదు. పండుగకొచ్చినోళ్లంత అదే అడుగుడు. మా తమ్ముడైతే నా మొఖం మీదనే అన్నడు. “అన్నా, సరైన జవాబు నేర్చుకున్నోళ్లు నౌకర్లు చేసుకుంటుండ్రు. నీ బిడ్డ తప్పు జవాబు చెప్పుడు నేర్వనీకి ఇన్నేండ్లా?” దగ్గరి జవాబు వేరు, తప్పు జవాబు వేరు అని చెప్పాలని ఉంటుండె, గని ఎట్ల వేరో నాకు తెలిస్తే కదా.

తెలువంది నాకొక్కనికే కాదని తర్వాత తెలిసింది. బిడ్డకు గైడ్ సారు ఉండె. మంచోడే. గని ప్రతిసారి ఒక్కటే అడుగుతుండెనట. “ఒక గీత వదిలితే ఒక జవాబు వస్తుంది. రెండు వదిలితే వంద వస్తాయి. మూడు వదిలితే ఊరంతా వస్తుంది. ఎక్కడ ఆగుతావమ్మా? ఏ గీత వదలొచ్చో ఏది వదలకూడదో ఎవరు చెప్తారు?” బిడ్డ ఒక్కోసారి ఒక్కో తీర్గ రాసి ఇస్తుండె. రాసిన కాయితాలు రాసినట్టే తిరిగొస్తుండె. యూనివర్సిటీల గడువు అని ఒకటుంటదట, అది దాటితే చేసిందంత మట్టిల కలుస్తదట. అది దగ్గరికొస్తున్న కొద్ది పిల్ల తిండి తగ్గింది, మాట తగ్గింది. సాంచె మీద పోగు తెగితే నాకు దూరంకెల్లే తెలుస్తుండె, పోయి అతుకుతుంటి. నా బిడ్డ పని ఏడ తెగిందో నాకు కనబడకపాయె. ఏం సాయం చేయరాని తండ్రి ఇంట్ల కూసుంటే ఎట్లుంటదో, ఉన్నోళ్లకే తెలుస్తది.

ఆ ఎండకాలం పిల్ల ఆదిలాబాద్ పోయి అత్త ముందల కూసున్నది. కంప్యూటర్ల వేసి చూడనీకి ఆమెకు నిజమైన చుట్టరికాలు కావాల్సి వచ్చింది. అక్క మిరపకాయల తొడిమెలు తీసుకుంట చెప్తుండె, పిల్ల కొట్టుకుంటుండె. అక్కకు అది ‘పెట్టె’.

“నీ పెట్టెకు మా అత్తగారి తరపు ఎక్కినదా?”

“ఎక్కింది అత్తమ్మా.”

“నా పెండ్లినాడు అలిగి తినకుండ పోయిన మీ మామ సడ్డకుడు, గా తోడల్లుడు?”

“ఆయన ఎక్కిండు. అలుగుడు ఎక్కదు.”

“అలుగుడు ఎక్కకుంటే ఇంకేం చుట్టరికమే అది.”

ఇద్దరు మంచిగున్నరు అని నేను సంతోషపడుతున్న యాళ్లకు మా తమ్ముని బిడ్డ సంబంధం ముచ్చట వచ్చింది. తమ్ముడు అక్కను అడిగిండు. పిలగాడు మన కులపోడు కావాలె, సర్కారు నౌకరి ఉండాలె, కరీంనగర్ల ఉండాలె. “అచ్చం అసొంటోడు లేడు గని” అని అక్క మొదలు పెట్టింది. జైనూర్ల ఒక ఇల్లున్నది, పిలగాడు బుద్ధిమంతుడు, నౌకరి ప్రైవేటుది, ఉండేది మంచిర్యాలల. ఇంటిపేరు వేరే, వరుస కుదురుతది అని చెప్పింది. తమ్మునికి నచ్చింది. చూపులైనయి. పూలుపండ్లు పెట్టుకొని ఖాయం చేసుకుందామని నలుగురికి చెప్పుకున్నరు.

నా బిడ్డ తన పని ఎట్లున్నదో చూసుకోనీకి మా తమ్ముడు అడిగిన ప్రశ్ననే పెట్టెను అడిగింది. పెట్టె సుత గా పిలగాన్నే చూపెట్టింది. గని పిలగాని చుక్క కాడికెల్లి ఇంకో గీత మా ఇంటిపేరు దిక్కు వస్తున్నది. గా పిలగాన్ని చిన్నప్పుడు జైనూర్ల పెద్దమ్మ ఇంటోళ్లు సాదుకున్నరు, అంటే దత్తత తీసుకున్నరు. కన్న తండ్రి మా ఇంటిపేరోడు. అంటే మా తమ్ముని బిడ్డకు అన్న వరుస. దీన్ని పెట్టెల ఎక్కిచ్చింది ఎవ్వలంటే అక్కనే. ఎప్పుడో సాదుకున్న తండ్రి చనిపోయిన ముచ్చట చెప్పుకుంట, కన్నతండ్రి వచ్చి పక్కకు నిలవడి ఏడ్సిండు అని చెప్పిందట.

“బాపూ, అత్తమ్మకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?” అని పిల్ల అడిగింది. నేనే ఫోన్ చేసిన. అంత విని అక్క అడిగింది.

“నీ బిడ్డ పెట్టె చెప్పిందా?”

“నువ్వు చెప్పిందే అక్కా. అది యాదుంచుకున్నది.”

“అయితే ఇగ దాన్నే అడుగుండ్రి.”

ఫోన్ పెట్టేసింది. పూలుపండ్లు ఆగిపోయినయి. జైనూరోళ్లు మోసం అన్నరు. తమ్ముడు, “ఒకలు కుదిరిచ్చిరి, ఒకలు చెడగొట్టిరి, నడుమ నా బిడ్డ పేరు పాయె” అని నాతోని మాట బంద్ చేసిండు. అక్క సుత బంద్. ఇంట్ల బిడ్డ తల ఎత్తది. మంచే చేసింది కదా, ఎందుకు అందరు గిట్ల చేస్తుండ్రని నేను ఎవ్వలను అడగాలె? ఆదిలాబాద్ బస్సు కనబడితే మొఖం తిప్పుకుంటుంటి.

బతుకమ్మకు ముందు, చెప్పకుండ చేయకుండ అక్కనే వచ్చింది. బస్టాండుకెల్లి ఆటోల దిగింది. నీళ్లిస్తే తాగలే. కోడలు దగ్గరికి పోయి కూసున్నది.

“చూడు కోడలా. గా ఇంటికి నేను ఎన్నో సావు కబుర్లు చేసిన. సావు కబురుకు ఎవ్వలు కన్నరు, ఎవ్వలు సాదిండ్రు అని ఎవ్వలు చూస్తరు? ఎవ్వల చెవిల పడ్డా సాలు. నా మతిల గా పిలగాడు జైనూరోళ్ల కొడుకు తీర్గనే కూసున్నడు. పెండ్లికి అడిగినప్పుడు సుత అట్లనే తీసి ఇచ్చిన. పెండ్లికి గా గీత వదలద్దుండె.”

“అత్తమ్మా, గిది మల్ల ఒకసారి చెప్పు.”

“ఎందుకు, ముసల్దాని తప్పు రెండుసార్లు వినాల్నా?”

“కాదు అత్తమ్మా. ఎందుకోసం అడుగుతున్నరో దాన్నిబట్టి వదిలే గీత మారుతదంటున్నవు.”

“మారదా మరి. నౌకరి కోసం అడిగేటోనికి ఇంటిపేరుతోని ఏం పని? ఇంకొకటి విను. గా దినం నౌకరి చిన్నదని చెప్పిన, ఊరు దూరమని చెప్పిన. సాదుకున్న ముచ్చట చెప్పలే. చెప్పుంటే మీలో ఎవ్వలో ఒకలు ఆగు అందురు. దగ్గరోణ్ణి చూపెట్టుడు తప్పు కాదే. ఏం వదిలి దగ్గర చేసిన్నో చెప్పకపోవుడు తప్పు.”

మా అక్క మాటలల్ల నాకు యాదున్నవి శాన ఉన్నయి గని, దీన్ని మించింది లేదు. ఆమె తప్పు ఆమెనే ఇప్పిచూపెట్టింది, అదీ పిల్ల ముందల. ఆ తర్వాత నీళ్లు తాగింది. ‘కూరల ఉప్పు తక్కువైంది, నీ తండ్రికి బీపీ ఉన్నదా’ అని అడిగింది.

ఆ మాటల మీద నా బిడ్డ పని మార్చుకున్నది. ఇప్పుడు ఆమె పెట్టె మొదాలు ఎందుకోసం అని అడుగుతది. పెండ్లికైతే వదలరాని గీతలు కొన్ని, కబురుకైతే కొన్ని. జవాబు ఇచ్చిన ప్రతిసారి, దీని కోసం ఏమేం వదిలిన్నో కింద రాసి చూపెడుతది. అది సాలని పిల్ల అనుకోలే, దానికి లెక్కలు కట్టాలె, నిజమని చూపెట్టాలె. తిండి తిప్పలు మరిచి గడువు లోపట రాసిచ్చింది. సారు ఈసారి కాయితాలు తిప్పి పంపలే.

ఇగ మిగిలింది ఆఖరి పరీక్ష. బయటికెల్లి పెద్దసార్లు రావాలె, ఒకలొస్తె ఒకలు రారు. అక్కకు అప్పటికే గుండె బాగుంటలే. అయినా దినాం ఫోన్.

“పిలిచిండ్రా తమ్మీ?”

“ఇంకా లేదక్కా.”

“ఎసొంటి సార్లురా వాళ్లు. పిలిచినంక నువ్వు ఎవ్వలకూ ఫోన్ చేయకు. నీకు వరుస తెల్వదు. చిన్నోళ్లను ముందు పిలిచి పెద్దోళ్లను ఎనుక పిలిచి లొల్లి పెడ్తవు. నేనే అందరికి చెప్త.”

పిలవకముందే పోయింది. పొద్దుగాల చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి ఒరిగిందట.

మేము ఆదిలాబాద్ చేరేవరకు ఇంట్ల అందరు పరేషాన్‌ల ఉన్నరు. ఎవ్వలకు కబురు చెప్పాల్నో ఎవ్వలకు తెల్వదు, తెలిసిన ఒక్క మనిషి సాప మీద పండుకొని ఉన్నది. నా బిడ్డ కండ్లు తుడుసుకుంట పెట్టె తెరిచి, సావు కబురు అని కొట్టింది. పేర్లు వచ్చినయి. అందుల ‘తమ్ముడు, జైనూర్’ అని ఒకటి. కింద, ఇంటిపేరు కలవలేదు, కులం కలవలేదు అని రాసున్నది.

నాకు కోపమొచ్చింది. “జైనూర్ల మనకు తెలిసింది గా పెండ్లిపిలగాని ఇల్లొక్కటే, తమ్ముడెవ్వలు? నేనున్న, మీ చిన్నాయన ఉన్నడు. గీ దినం సుత తప్పు చెప్తున్నదా అది?”

“అత్తమ్మనే చెప్పింది బాపూ, నాకో తమ్ముడున్నడు రాసుకో అని. ఫోన్ చేద్దాం.”

చేసినం. పొద్దు వంగకముందు ఒక ముసలాయన వచ్చిండు. నాకన్న పెద్దోడే, అయినా అక్కకు తమ్ముడే. ఎన్నడో బస్సుల పెండ్లాన్ని ఆదిలాబాద్ దవాఖానకు తీస్కపోతుంటే, పక్కసీట్ల ఉన్న అక్క ఏ ఊరు అని అడిగిందట. ఎంత తీగ గుంజినా మా ఇంటికి ముడి దొరకలేదట. “ఏం దొరకలేగని, ఇయ్యాల్టికెల్లి నువ్వు నాకు తమ్మునివి” అన్నదట. అప్పటిసంది పట్నమొస్తే ఆమె ఇంట్ల నీళ్లు తాగకుండ పోలేదట. ఆయన సంచిల చీర ఉన్నది. ఆడబిడ్డ పోతే పుట్టింటోళ్లు తేవాల్సిన చీర. నేను తెచ్చినది కప్పినంక, ఆయన వచ్చి తనది మీద పరిచిండు. అంచు మడత పడ్డది. ఆయన చెయ్యితోని సాఫ్ చేసి, అట్లనే చానసేపు చెయ్యి తియ్యకుండ కూసున్నడు.

ఇగ బిడ్డ పాసైన ముచ్చట, ఆమె చెప్పాల్సినోళ్లకు నేనే చెప్పుకోవాలె. వరుస తప్పితే తిట్టకుండ్రి.

అక్క పెద్దకొడుకు, ఆదిలాబాద్.

అక్క బిడ్డ, నిర్మల్. ఏడుస్తది, మెల్లగ చెప్పాలె.

మా తమ్ముడు. తప్పు జవాబు ముచ్చట ఎత్తకుండ చెప్పాలె, ఎత్తకుండ ఉంటనా.

తమ్ముని బిడ్డ. వేరే సంబంధం కుదిరి మంచిగున్నది. మా బిడ్డకు ఆమెనే మొదాలు మిఠాయి పెడ్తనన్నది.

మేనమామ కోడలు, పేరు యాదికొస్తలేదు. మంచిర్యాల. ఆమె దొరకకుంటే బొగ్గుబాయి క్వార్టర్లల ఉండే ఆమె చెల్లెకు చెప్పినా సరే.

అలిగి పోయిన సడ్డకుడు ఇంకా ఉన్నడో లేడో. ఆయన కొడుకులకు.

జైనూర్ల మా అన్న. అక్కకు తమ్ముడు, నాకు అన్న. ఫోన్ల ఆయనకు సరిగ్గ వినబడదు, బస్సెక్కి పోయి చెప్పాలె.